ఆగినప్పుడే వణికే కారు

మా ఇంట్లో కారు నడపడం వచ్చింది నాకొక్కదానికే. మా ఆయన ఇన్సూరెన్స్ ఏజెంటు. ప్రమాదాల గురించి రోజంతా జనానికి చెప్పి చెప్పి ఆ భయం ఆయనకే పట్టుకుంది. పెళ్లయిన కొత్తలో ఒకసారి డ్రైవింగ్ నేర్చుకుంటానని బయలుదేరి, ఎదురుగా బర్రెల మంద కనబడగానే స్టీరింగ్ వదిలేసి కళ్లు మూసుకున్నాడు. బర్రెలకు బుద్ధుంది కాబట్టి పక్కకు జరిగాయి. ఆ తర్వాత ఆయన మళ్లీ డ్రైవర్ సీటు వైపు పోలేదు. పక్క సీట్లో కూర్చుని నాకు దారి చెబుతాడు, అది కూడా రోజూ పోయే దారే.

నేను హనుమకొండలో ఒక ప్రభుత్వ హైస్కూల్లో లెక్కల టీచర్ని. నాలుగేళ్ల కింద హైదరాబాద్‌లో ఒక డాక్టరు దగ్గర ఆయన వాడిన హైబ్రిడ్ కారు కొన్నాను. అప్పటికే మీటరు రెండు లక్షల కిలోమీటర్లు దాటి ఉంది. ఎందుకంత తిరిగిన బండి అని అందరూ అన్నారు. కొత్తది కొనే తాహతు లేదని చెప్పడం ఇష్టం లేక, పాత ఇంజన్లే గట్టివని చెప్పాను.

ఆ కారులో పెట్రోల్ ఇంజనూ ఉంటుంది, బ్యాటరీతో తిరిగే మోటారూ ఉంటుంది. మెల్లగా పోతే బ్యాటరీ మీద చప్పుడు లేకుండా పోతుంది. బ్యాటరీ తగ్గినా, ఏసీ ఎక్కువైనా బండి ఆగి ఉన్నప్పుడు కూడా ఇంజన్ దానంతటదే స్టార్ట్ అవుతుంది. పొదుపుగా నడిపితే ముందున్న స్క్రీన్ మీద పచ్చని ఆకు బొమ్మ వెలుగుతుంది. ఆ ఆకు ఆరిపోకుండా నడపడం నాకు వ్యసనమైంది. వెనక ఆటోవాళ్లు హారన్ కొట్టీ కొట్టీ తిట్టిపోతున్నా, నేను పెళ్లికూతురిని మండపానికి తీసుకుపోతున్నట్టు నడిపేదాన్ని.

పోయిన ఎండాకాలం, హనుమకొండ చౌరస్తాలో సిగ్నల్ దగ్గర ఆగి ఉన్నాను. ఇంజన్ దానంతటదే స్టార్ట్ అయింది. అయ్యీ అవగానే కారంతా వణకడం మొదలుపెట్టింది. స్టీరింగ్, సీటు, అద్దం, మా ఆయన కళ్లజోడు, అన్నీ. గ్రీన్ సిగ్నల్ పడి బండి కదలగానే వణుకు మాయం.

"ఏమైతాంది?" అన్నాడు మా ఆయన, డోరు పిడి పట్టుకుని.

"నాకేం ఎరుక, చూపిద్దాం" అన్నాను.

ముందుగా మెయిన్ రోడ్డు మీదున్న పెద్ద వర్క్‌షాపుకు పోయాం. అద్దాల గది, ఏసీ, కాఫీ మిషన్. మెడలో టై కట్టుకున్న ఒకతను వచ్చి మా ఆయనకు చేయి కలిపాడు. నాకు కుర్చీ చూపించాడు.

"చెప్పండి సార్, ఏం ప్రాబ్లం?"

ఆగినప్పుడు ఇంజన్ స్టార్ట్ అయితే వణుకుతుందని, నడిచేటప్పుడు బాగుంటుందని నేను చెప్పాను. అతను తల ఊపుతూ విని, మా ఆయన వైపు తిరిగి, "ఎప్పటి నుంచి సార్?" అన్నాడు. మా ఆయన నా వైపు చూశాడు. "వారం" అన్నాను. "వారం" అన్నాడు మా ఆయన. అతను రాసుకున్నాడు.

కారుకు ఏదో మిషన్ తగిలించి పావుగంట చూసి, హైబ్రిడ్ బ్యాటరీ పోయింది, మార్చాలి అన్నాడు. లక్షల్లో పని. నాకు ఒక అనుమానం వచ్చి అడిగాను. "బ్యాటరీ మీద పోయేటప్పుడు అసలు వణకదు గదా. పెట్రోల్ ఇంజన్ నడిస్తేనే వణుకుతాంది. బ్యాటరీ పోతే ఇంజన్ ఎందుకు వణుకుతది?"

అతను చిన్నపిల్లకు చెప్పినట్టు నవ్వి, "అది హై వోల్టేజ్ సిస్టమ్ మేడమ్, మీకు చెప్తె అర్థం కాదు" అన్నాడు. తర్వాత మా ఆయనకు వివరంగా చెప్పాడు. మా ఆయనకు ఇంట్లో ఫ్యూజు ఎక్కడుంటుందో కూడా తెలియదు. అయినా మధ్యమధ్యలో "అవునవును" అంటూ గడ్డం నిమురుకున్నాడు. ఇరవై ఆరేళ్ల కాపురంలో నేనెప్పుడూ ఆయనతో అంత గౌరవంగా మాట్లాడలేదు. ఆ గౌరవం ఆయనకు బాగా రుచించినట్టుంది, బయటికొచ్చాక "మార్పిద్దాం, మంచిగ చెప్పిండు" అన్నాడు.

నేను మార్పించలేదు. ఆ రోజు నుంచి ఒక నోటుబుక్కు పెట్టుకున్నాను. ఎక్కడ వణికింది, ఎండెంత, ఏసీ ఉందా లేదా, బ్యాటరీ బొమ్మ ఎంత నిండి ఉంది, ఆకు వెలిగిందా, అన్నీ రాశాను.

రెండో మెకానిక్కు సంగతి మా ఆయన తమ్ముడు చెప్పాడు. అతనూ మా ఆయనతోనే మాట్లాడాడు. నోటుబుక్కు తీస్తే, "అవన్నీ ఎందుకు మేడమ్, నేను చూస్త గద" అన్నాడు. ఇంజన్ కింద అది కదలకుండా ఆపే రబ్బరు దిమ్మలు ఉంటాయి. అవి అరిగాయని కొత్తవి వేశాడు. వారం పాటు వణుకు తగ్గినట్టే అనిపించింది. చలిజ్వరం వచ్చినవాణ్ని నలుగురు పట్టుకుని, వణుకు తగ్గిందన్నట్టుంది ఆ వైద్యం. లోపల ఇంజన్ మాత్రం అట్లాగే దగ్గుతోంది. రెండో వారానికి రబ్బర్లు కూడా దానికి అలవాటుపడ్డాయి.

ఆ ఆదివారం చర్చిలో ఆరాధన అయ్యాక కారు తీస్తుంటే అది వణకడం ఒకాయన చూశాడు. అంతే, బానెట్ ఎత్తించారు. తెల్లచొక్కాల మగవాళ్లు ఏడెనిమిది మంది చుట్టూ చేరారు. గంట సేపటి ప్రసంగంలో ఆవులించినవాళ్లు కూడా ఇప్పుడు చురుగ్గా ఉన్నారు.

"ఇంజన్ ఆయిల్ బాబూ, ఇంకేం లేదు" అన్నాడు సంఘపెద్ద. ఆయనకు సైకిల్ కూడా లేదు.

"పెట్రోల్ల నీళ్లు కలుపుతాండ్లు. నా బండి గూడ గట్లనే చేస్తది" అన్నాడు మోపెడ్ ఉన్నాయన.

"హైబ్రిడ్లు మన దేశానికి పనికిరావు" అన్నాడు మూడో ఆయన. దేశం సంగతి తేల్చేశాక ఇక కారు సంగతి చూడనక్కర లేదు కాబట్టి ఆయన చేతులు దులుపుకున్నాడు.

మా ఆయన మధ్యలో నిలబడి, "అది హై వోల్టేజ్ సిస్టమ్ గదా, మీకు చెప్తె అర్థం కాదు" అన్నాడు. నేను కీచైన్ వేలికి తిప్పుకుంటూ చెట్టు నీడలో ఆడవాళ్ల పక్కన నిలబడ్డాను. పాస్టరు అయ్యగారి భార్య నా చెవిలో, "బండి నడిపేది నువ్వే గదా అక్కా, నిన్నెవ్వరూ అడుగుతలేరేంది?" అంది. నాకు నవ్వొచ్చింది గానీ కోపం కూడా వచ్చింది. అయ్యగారు వచ్చి ప్రయాణ క్షేమం కోసం ప్రార్థన చేశారు. ఆమెన్ అనగానే నేను ఇంజన్ స్టార్ట్ చేశాను. వణికింది.

మా స్కూల్లో ఉర్దూ టీచరమ్మకు ఈ సంగతంతా చెప్పాను. ఆమె కడుపుబ్బ నవ్వి, "మా మామయ్యకు వరంగల్ అండర్ బ్రిడ్జి అవతల షెడ్డుంది. ఆయన నోరు మంచిది గాదు గని చెవులు మంచివి. పో" అంది.

రెండో శనివారం సెలవు. పొద్దున్నే పోయాం. రేకుల షెడ్డు, ముందు రెండు పాత అంబాసిడర్లు. డెబ్బై దాటిన ముసలాయన స్టూలు మీద కూర్చుని బీడీ తాగుతున్నాడు. మా ఆయన ముందుకుపోయి, "హై వోల్టేజ్" అని మొదలుపెట్టాడు.

"బండి ఎవలు నడుపుతరు?" అన్నాడు ముసలాయన.

"నేనే" అన్నాను.

"అయితె నువ్వు చెప్పు టీచరమ్మా. సార్, మీరు జర ఆ హోటల్ల చాయ్ తాగుండ్రి."

మా ఆయన ముఖం చూడాల్సింది. చాయ్‌కి మాత్రం పోయాడు.

నేను నోటుబుక్కు తీశాను. ముసలాయన కళ్లద్దాలు పెట్టుకుని రెండు పేజీలు తిప్పి, "హాజరు పట్టీ లెక్క రాసినవ్" అన్నాడు. అయినా చదివాడు. చదివి ప్రశ్నలు వేశాడు.

"పోయేటప్పుడు ఎన్నడన్న వణికిందా?"

"ఒక్కసారి గూడ లేదు."

"పొద్దుగాల్ల ఫస్ట్ స్టార్టింగ్‌ల?"

"రెండు నిమిషాలు బాగనే ఉంటది. తర్వాత ఆగితే వణుకుతది."

"వేడెక్కేదాక ఇంజన్ జోరుగ తిరుగుతది. అందుకే అప్పుడు తెలుస్తలేదు" అన్నాడు, తనకు తనే చెప్పుకున్నట్టు.

ఏసీ ఫుల్లు పెట్టి, నన్ను సీట్లో కూర్చోబెట్టి, ఇంజన్ దానంతటది స్టార్ట్ అయ్యేదాకా ఆగాడు. పొడుగు స్క్రూడ్రైవర్ మొన ఇంజన్ మీద ఆనించి, పిడి చెవికి పెట్టుకుని విన్నాడు. ఎక్కడో గాలి లీకవుతుందని గొట్టాలన్నీ వెతికాడు. అరగంట పోయింది, లీకు దొరకలేదు. తనను తాను ఉర్దూలో ఏదో తిట్టుకున్నాడు. తర్వాత లోపలి నుంచి చిన్న మిషన్ తెచ్చి కారుకు తగిలించి నాకు చూపించాడు.

"ఒక ప్లగ్గు ఖరాబైతే ఒక్క సిలిండరే తప్పుతది. ఈడ జూడు, నాలుగూ కొంచెం కొంచెం తప్పుతున్నయ్. అంటే తప్పు ఒకదాంట్ల లేదు. నాలుగింటికీ కలిపి పోయేదాంట్ల ఉంది."

లెక్కల టీచర్ని కాబట్టి ఆ మాట నాకు లడ్డూ లాగా అనిపించింది. "అంటే అన్నిటికీ పోయే గాలిలోనా?" అన్నాను.

"గాలిల్నే. గాలిల కలవకూడనిది కలుస్తాంది."

సైలెన్సర్ వైపు పోయే పొగలో కొంత వెనక్కి తిప్పి మళ్లీ ఇంజన్లోకి పంపే ఒక వాల్వ్ ఉంటుందట. బండి ఆగి ఉన్నప్పుడు అది పూర్తిగా మూసుకోవాలి. మూసుకోకపోతే ఇంజన్ తన పొగ తనే పీల్చి ఉక్కిరిబిక్కిరవుతుంది. స్పీడులో ఉంటే ఆ కాస్త పొగ లెక్కలోకి రాదు. ముసలాయన ఇంజన్ చల్లారనిచ్చి, బోల్టులు విప్పి ఆ వాల్వ్ బయటికి తీశాడు. దాని నోటి నిండా నల్లటి మసి, అడుగంటిన పాయసం గిన్నె లాగా గట్టిపడి ఉంది. ఒక పెచ్చు గీకి నా అరచేతిలో పెట్టాడు.

"ఇది నీదే."

"నాదేంది?"

"ఇంటికీ స్కూలుకూ ఎంత దూరం?"

"నాలుగు కిలోమీటర్లు."

"అండ్ల సగం బ్యాటరీ మీదనే పోతవ్. నీ బుక్కుల నువ్వే రాసినవ్, ఆకు వెలిగింది, ఆకు వెలిగింది అని. ఇంజన్ సరిగ్గ వేడే గాదు. మసి కాలకుంట లోపల్నే కూసుంటది. ఆ డాక్టర్ సాబ్ హైవే మీద కొట్టిండు, రెండు లక్షలు తిరిగినా బండికేం గాలే. నువ్వు ముద్దు చేసి పాడు చేసినవ్. వారానికొకసారన్న హైవే ఎక్కి జనగామ దాక కొట్టు. ఆకు గీకు మర్చిపో."

ఇన్ని వారాలు మగవాళ్లందరినీ మనసులో ఉతికి ఆరేస్తూ వచ్చాను. ఇప్పుడు మసి పెచ్చు నా అరచేతిలోనే ఉంది. ఇంటికి పోయాక ఆకు గురించి రాసిన పేజీలు చించేద్దామా అని కూడా అనిపించింది.

వాల్వ్, దాని దారి, గాలి పోయే గొట్టాలు అన్నీ శుభ్రం చేసి బిగించేసరికి సాయంత్రం నాలుగైంది. ఏసీ పెట్టి ఆగితే ఇంజన్ స్టార్ట్ అయింది. అయిందని స్క్రీన్ చూస్తే గానీ తెలియలేదు. నాకు కళ్లలో నీళ్లొచ్చినంత పనైంది, ఎండకేమో.

మా ఆయన అప్పటికి నాలుగు చాయ్‌లు తాగి, హోటలాయనకు ఒక పాలసీ కూడా అంటగట్టి వచ్చాడు. ముసలాయన చేతులు తుడుచుకుని, తాళం చెవి తీసి, అలవాటు కొద్దీ ఆయన చేతిలోనే పెట్టాడు. ముగ్గురం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. "అరె" అని ముసలాయన నాలుక కరుచుకున్నాడు. మా ఆయన తాళం చెవి నాకిచ్చి, పోయి పక్క సీట్లో కూర్చున్నాడు.

తర్వాతి ఆదివారం చర్చి ముందు మా ఆయన చుట్టూ మళ్లీ అదే గుంపు. "బ్యాటరీ అంటే నేను నమ్మలే. నాలుగు సిలిండర్లు తప్పుతున్నయంటే గాలిల లోపమని నాకు అనుమానమొచ్చింది" అంటున్నాడు. నేను ఊరుకుని ఉంటానని ఆయన నమ్మకం. నేను దగ్గరికి పోయి, "ఆ టైమ్‌ల నువ్వు హోటల్ల ఉన్నవ్ గదయ్యా" అన్నాను. ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ మధ్యాహ్నం మా ఇంట్లో మటన్ కూర గురించి కూడా ఎవరూ ఒక్క మాట మాట్లాడలేదు. సాయంత్రానికి ఆయనే వచ్చి, "వాల్వ్ అంటే ఎట్లుంటది, బొమ్మ గీసి చూపియ్యి" అన్నాడు. గీశాను. ఈసారి నిజంగానే విన్నాడు.

రెండు వారాల తర్వాత మోపెడ్ ఆయన నన్ను చర్చి మెట్ల దగ్గర పక్కకు పిలిచాడు. అల్లుడు పాత కారు కొన్నాడట.

"వందనాలక్కా. మా అల్లుని కారు గూడ ఆగినప్పుడు వణుకుతాంది. జర సార్‌ను అడిగి చెప్తరా, ఏమై ఉంటదో?"

"సార్‌కు ఇయ్యాల తీరిక లేదు తమ్మీ, నన్నే అడుగు" అన్నాను.

ఆయన ఒక్క నిమిషం ఆలోచించాడు.

"పర్వాలేదక్కా," అన్నాడు, "వచ్చే వారం అడుగుత."