పుచ్చు దుంగా, నడిచే వాషింగ్ మెషినూ

మా పెరటి వరండాలో నా లేత్ ఉండాలా, కొత్తగా కొన్న వాషింగ్ మెషిన్ ఉండాలా అన్నది ఆ వారం మా ఇంటి సమస్య. పగలంతా గాజువాకలో ఒక షెడ్డులో లేత్ మీద ఇనుము తిప్పుతూ చెక్కుతాను. ఇంటికొచ్చి, పాత మోటారుతో నేనే కట్టుకున్న చిన్న లేత్ మీద కర్ర తిప్పుతాను. ఈ రెండోది ఎందుకో మా ఆవిడకి ఇప్పటికీ అర్థం కాదు.

"ఆదివారం మెషిన్ వత్తది మావా. ఈలోగా ఇంటికి పనికొచ్చే వస్తువు ఒక్కటంటే ఒక్కటి తీసి సూపించు. తీత్తే నీ లేతు ఉంటది. లేదంటే పాత సామాన్లోడికి ఏసేత్తాను," అంది.

ఆవిడ కోపంలో న్యాయం లేకపోలేదు. అప్పటిదాకా నేను తీసినవన్నీ బొంగరాలే. మా ఇంట్లో బొంగరాలాడే మనిషిని నేనొక్కణ్నే.

మర్నాడు మా బావ, అంటే మా ఆవిడ అన్న, ఆటోలో ఒక దుంగ తెచ్చి దింపాడు. ఆయన పోర్టులో పనిచేస్తాడు. ఓడలో సరుకు కదలకుండా అడుగున పెట్టే కర్రల్లోదట. సరుకు దిగాక వాటిని వంటచెరకు కింద అమ్మేస్తారు. ఒక పక్క నారింజ తొన రంగులో మెరుస్తోంది. రెండో పక్క వేలు పెడితే లోపలికి పోయింది.

"సగం పుచ్చే కదా బావా," అన్నాను.

"మిగతా సగం బాగుంది కదా బావా. నిన్నూ అలాగే సూసుకుని మా సెల్లినిచ్చాం."

పప్పుగుత్తి తీద్దామనుకున్నాను. బావ వద్దన్నాడు. "దీన్ని యూ అంటారంట, సలి దేశాల సెట్టు. విషమంట, వంటకాడికి తేవద్దని ఓడలోవోడు సెప్పేడు. కర్ర గుండ కూడా పీల్సకు."

మా ఆవిడ లేచి వంటింటి తలుపు వేసేసింది.

సరే, తాళంచెవులు పడేసుకునే గిన్నె తీద్దామని ముక్కుకి గుడ్డ కట్టుకుని మొదలెట్టాను. కర్ర వేడెక్కింది. షెడ్డులో ఇనుము వేడెక్కితే సబ్బునీళ్లు పోస్తాం. నా చెయ్యి నన్నడక్కుండానే మగ్గుతో నీళ్లు పోసేసింది. పుచ్చు ఆ నీళ్లు తాగి, టీలో ముంచిన రస్కులా అయింది. మరుక్షణం గిన్నెలో సగం గోడకి తగిలింది, ఒక ముక్క బావ టీ గ్లాసులో పడింది.

బావ గ్లాసు దూరంగా జరిపాడు. "నన్ను సంపడానికి ఓడ మీద సరుకు తెప్పించావేటి బావా."

"తెచ్చింది నువ్వే బావా."

ఆదివారం మెషిన్ వచ్చింది. వరండా ఖాళీ కాలేదు కాబట్టి ప్రస్తుతానికి బాత్రూంలో పెట్టాం. అక్కడ నేల తూము వైపు వాలుగా ఉంటుంది. మెషిన్ కాళ్ల మరలు చివరిదాకా తిప్పినా సరిపోలేదు. బట్టలు పిండే వంతు వచ్చేసరికి మెషిన్ గడగడలాడుతూ గుమ్మం వైపు బయల్దేరింది.

"నీ లేతు సోటు అడగడానికి అదే నడిసొత్తంది బావా," అన్నాడు మా బావ.

మా ఆవిడ నవ్వలేదు. "అయిపోయింది మావా. రేపు సామాన్లోణ్ని పిలుత్తాను."

నేను ఎనిమిదో తరగతిలోనే బడి మానేశాను. ఉన్నన్నాళ్లూ బెంచీ మీదే నిలబెట్టారు. ఆ బెంచీల కాళ్లు ఎప్పుడూ సమానంగా ఉండేవి కావు. ఏ కాలు ఎంత పొట్టిదో అరికాలితో చెప్పగలగడమే నేను సంపాదించిన చదువు. మెషిన్ ఆపి, దాని మీద రెండు చేతులూ ఆనించి ఊపి చూశాను. అచ్చం నా బెంచీయే.

ఆ సాయంత్రమే, మిగిలిన దుంగలో పుచ్చంతా ఉలితో చెక్కేశాను. మోచేయంత గట్టి కర్ర మిగిలింది. ఈసారి మగ్గుని వీధిలో పెట్టి వచ్చి మరీ, దాంట్లోంచి నాలుగు బిళ్లలు తిప్పాను. ఒక్కో కాలికి ఒక్కో మందం, పైన కాలు కూర్చోవడానికి గుంట. ప్రతిదీ షెడ్డులో వాడే వెర్నియర్ కొలబద్దతో కొలుస్తుంటే బావ పక్కన కూర్చుని, "ఉంగరం సేత్తన్నావా బావా?" అంటూనే ఉన్నాడు.

బిళ్లల మీద మెషిన్ ఎక్కించాం. మా ఆవిడ దాని నెత్తిన గ్లాసు నిండా నీళ్లు పెట్టి, గుమ్మంలో నిలబడింది. మెషిన్ పిండడం మొదలెట్టింది. నీళ్లు వణికాయి గానీ ఒలకలేదు.

ఆగిపోయేదాకా చూసి, "ఆ పుచ్చు దుంగలోంచేనా?" అంది.

"మిగతా సగం సూసే నిన్నిచ్చాం అన్నాను కదా," అన్నాడు వాళ్లన్న.

లేత్ ఉండిపోయింది. కాకపోతే ఉతికిన బట్టలు ఆరేయడానికి ఆ వరండాయే దిక్కు. ఇప్పుడు కర్ర తిప్పాలంటే ముందు లేత్ మీంచి తువ్వాళ్లూ, లంగాలూ, నా లుంగీలూ తీయాలి. తీసి ఊరుకుంటే కాదు, మడతపెట్టి బీరువాలో పెట్టేదాకా మోటారు స్విచ్చి ముట్టుకోకూడదని ఆర్డరు.