మెట్టు దిగిపోనివ్వకూడని మనిషి

గోవాడ చక్కెర మిల్లులో చెరుకు ఆడటం మొదలైతే చోడవరం గాలి కూడా పానకమైపోతుంది. ఇవాళ పొద్దున్న ఆ తీపి వాసన నా క్లినిక్ కిటికీలోంచి వచ్చింది. దాని వెనకే, మంచులోంచి నడిచొచ్చినట్టు, సుగుణమ్మ గారు గుర్తుకొచ్చారు. తొంభైల్లో ఈ ఊళ్ళో పిల్లల ఆసుపత్రి నడిపిన డాక్టరమ్మ. అప్పుడు నేను ఆవిడ దగ్గర కొత్తగా చేరిన డాక్టర్ని. పుట్టి పెరిగింది కిరాణా కొట్టులో. వైద్యం చదివినా బుద్ధి మాత్రం తూకం రాళ్ళ దగ్గరే ఉండేది: ఎదుటివాడి మాయ పట్టుకోవడం, పట్టుకుని లోలోపల మురిసిపోవడం.

బుచ్చయ్యపేట నుంచి ఒక తల్లి తన కూతుర్ని, చిన్న గుంటని, చంకనేసుకుని మళ్ళీ మళ్ళీ వచ్చేది. ఎప్పుడూ జ్వరమే. ఊరూరా వేయించిన సూదులకి ఆ పిల్ల చేతులు కమిలిపోయాయి. పేరడిగితే పలికేది కాదు గానీ, సూది కనబడగానే తనే చెయ్యి చాపేది. ఆ రోజు తల్లి పెట్టి తీసిన థర్మామీటరు నూట నాలుగు చూపించింది. పిల్ల నుదురు కుండలో నీళ్ళలా చల్లగా ఉంది. మంచం కింద పొగలు కక్కే టీ గ్లాసు. థర్మామీటరు కొసన టీ చుక్క.

"దొరికిందండీ," అన్నాను డాక్టరమ్మతో, లాభం కొట్టినవాడిలా.

ఆవిడ నవ్వలేదు. "ముందు నిజం జొరం లేదని తేల్చు. రక్తం తియ్యి. ఆ గుంటకి అదే ఆఖరి సూది కావాల. ఇకనించి థర్మామీటరు నర్సు పెడతాది, తీసేదాకా పట్టుకుంటాది."

పిల్లని వార్డులో ఉంచాం. రక్తంలో ఏమీ లేదు. నర్సు చేతిలో పాదరసం ఒక్కసారీ పైకెక్కలేదు. పిల్ల ఇడ్లీ తిని, కిటికీ ఊచలు పట్టుకుని చెరుకు బళ్ళు చూస్తూ కూర్చుంది.

"ఇప్పుడా తల్లిని నలుగురిలో కడిగేస్తానండీ," అన్నాను.

"మీ కొట్లో బేరం తెగకముందే మనిషి మెట్టు దిగిపోతే ఏటి సేస్తారు బాబూ?"

"వెనక్కి పిలుస్తాం."

"ఈవిడ దిగిపోతే అనకాపల్లి బస్సెక్కుతాది. అక్కడ గుంటకి మళ్ళీ సూదులు. అప్పుడెవులు పిలుస్తారు?"

కడిగేద్దామని లేచినవాణ్ణి మళ్ళీ కూర్చున్నాను. మా వంశంలో అదొక వింత.

డాక్టరమ్మ ఆ పిల్ల తండ్రినీ, నాయనమ్మనీ పిలిపించారు. తలుపు మూసి, గొంతు పెంచకుండా, చూసింది చూసినట్టు చెప్పారు. పిల్ల నాయనమ్మ దగ్గర ఉండాలన్నారు. మందైనా సూదైనా ఇంకెక్కడా వద్దన్నారు. తల్లి గోడవైపు తిరిగి కూర్చుంది. అటు తిరిగే, "నాను వొట్టినే వస్తే నన్నెవులు కూకోబెడతారమ్మా?" అంది.

"నాను కూకోబెడతాను. గుంటకి జొరం లేకపోయినా సంతరోజు రా."

వచ్చేది. బల్లమీద డాక్టరమ్మ పక్కన కూర్చుని ఏవేవో చెప్పుకునేది. నాయనమ్మ వేలు పట్టుకుని పిల్ల వసారాలో తిరిగేది. ఒక సంతరోజు నర్సు సూదుల ట్రే పట్టుకుని ఎటో పోతుంటే, ఆ పిల్ల చెయ్యి చాపలేదు. అందరు పిల్లల్లాగే రెండు చేతులూ వెనక్కి దాచుకుంది. డాక్టరమ్మ కళ్ళద్దాలు తీసి చాలాసేపు తుడుచుకున్నారు.

ఇప్పటికీ ఒక తల్లి మాట పిల్ల ఒంటితో కలవకపోతే నాలో కిరాణా కొట్టువాడు లేచి నిలబడతాడు. వాణ్ణి కూర్చోమని, ముందు ఆ తల్లికి కుర్చీ జరుపుతాను. పిల్ల నుదుటిమీద చెయ్యి మాత్రం నేనే వేస్తాను.