మొగుడు లేడని చెప్పి

మా అక్కను బేతంచెర్లలో నాపరాళ్ళ గనిలో పనిచేసే మనిషికిచ్చారు. అతను తాగినా కొట్టేవాడు, తాగకపోయినా కొట్టేవాడు. ఒకసారి ఆమె మణికట్టు విరిగి వంకరగానే అతుక్కుంది. దెబ్బలు భరించలేనప్పుడల్లా ఓర్వకల్లు దగ్గరున్న మా ఊరికి వచ్చేది. కాస్త తేరుకోగానే మా నాయన తీసుకెళ్ళి దిగబెట్టి వచ్చేవాడు.

ఆ ఏడు ఎండాకాలం తల పగిలి వచ్చింది. గాయం మానకముందే నాయన ప్రయాణం కట్టాడు.

"ఈసారి పోతే సంపేస్తాడు నాయనా" అంది అక్క.

"మొగుడుండంగా ఈడ కూసుంటే ఊళ్ళో తలెత్తుకుని తిరగాల్నా వద్దా?" అన్నాడు.

అమ్మ తలుపు చాటున నిలబడి ఏడ్చింది, అంతే.

నేనప్పుడు కర్నూలులో టీచర్ ట్రైనింగ్ చదువుతూ సెలవులకు వచ్చి ఉన్నాను. కర్నూలు కొత్తగా రాజధాని అయింది. ఆఫీసులు కొన్ని ఇంకా డేరాల్లోనే నడిచేవి. అక్కడ ఆడవాళ్ళకు సర్కారు సదనం ఒకటి ఉందని, కడపలోనూ అట్లాంటిదే ఉందని హాస్టల్లో విని అక్కకు చెప్పాను. అహోబిలం మొక్కు ఉందని ఇంట్లో చెప్పి అక్కను కర్నూలు బస్సెక్కించాను.

సదనం మేట్రన్ చెడ్డ మనిషి కాదు. అక్క తల కట్టు చూసి మంచినీళ్ళిచ్చింది. అంతా విని తల అడ్డంగా ఊపింది.

"ఇది దిక్కులేని వాళ్ళ కోసమమ్మా. నీకు భర్త ఉన్నాడు, పుట్టిల్లుంది. రేపు అతనొచ్చి నా భార్యను పంపమంటే నేనేం చెప్పాలి?"

"వాళ్ళుండబట్టే కదమ్మా నాకీ గతి" అంది అక్క.

మేట్రన్ లేచి మమ్మల్ని గేటుదాకా సాగనంపింది.

అక్కడి నుంచి తుంగభద్ర ఒడ్డుకు వెళ్ళి కూర్చున్నాం. ఎండకు ఏరు సన్నగిల్లి, మడుగుల్లోనే నీళ్ళున్నాయి. అక్క చాలాసేపు వాటినే చూసింది. నాకు భయమేసి చెయ్యి పట్టుకున్నాను. ఆమె చెయ్యి విడిపించుకుని, మెడలో తాళి తీసి కొంగున కట్టుకుంది. గాజులు రాతికేసి కొట్టింది. నీళ్ళతో బొట్టు తుడుచుకుంది.

"ఏం చేస్తాండావక్కా!"

"కడపలో గూడా ఇట్లాంటిదే ఉండాదంటివి కదా. ఆడ మొగుడు సచ్చిపోయినాడని చెప్దాం. నువ్వు అవునను, సాలు."

కడపలో నేను అవునన్నాను. నా అక్క ముండమోసిందని పరాయివాళ్ళ ముందు నా నోటితో నేనే చెప్పాను. ఒక చాప, రెండు తెల్లచీరలు ఇచ్చి ఆమెను లోపలికి తీసుకున్నారు.

కుట్టుపని నేర్చుకుంటూ అక్కడ కొన్ని నెలలు ప్రశాంతంగా ఉంది. ఇంతలో బేతంచెర్ల మనిషెవరో ఆమెను కడప ఆసుపత్రిలో తెల్లచీరలో చూశాడు. మా బావ సదనం గేటు ముందుకొచ్చి, నేను బతికే ఉండాను, నా పెండ్లాన్ని పంపండని అరిచాడు. నేను ఆవేళ అక్కను చూడటానికే వెళ్ళాను. అక్కడి మేట్రన్ ఆమెను బయటికి పిలిచి అడిగింది.

"ఇతనెవరమ్మా?"

అక్క అతని మొహంలోకే చూసి చెప్పింది.

"నాకు తెలీదమ్మా. నా మొగుడు సచ్చిపోయినాడు."

మేట్రన్ ఆ వంకర మణికట్టు వైపు ఒకసారి చూసి గేటు వేయించింది. అతను గేటు కమ్ములు పట్టుకుని సాయంత్రందాకా బూతులు తిట్టి వెళ్ళిపోయాడు. తరువాత ఇంకొకామెను చేసుకున్నాడని విన్నాం. ఆ సంగతి చెబితే "ఆ పిల్లను యాడ దాస్తారు?" అని మాత్రం అడిగింది అక్క.

అన్న మాటను నిలబెట్టుకోవడానికి ఆమె మళ్ళీ బొట్టు పెట్టుకోలేదు. నా పెళ్ళిలో వంటింట్లోంచి బయటికి రాలేదు. మా నాయన ఆమెను పలకరించనూ లేదు.

తరువాత ఆసుపత్రిలో ఆయాగా కుదిరి, కడపలోనే చిన్న గది అద్దెకు తీసుకుంది. నేను ఒకసారి వెళ్ళి ఆ రాత్రి అక్కడే ఉన్నాను. చీకటి పడగానే గడియ వేసి, రోలును దొర్లించుకొచ్చి తలుపుకు ఆనించింది. ఎందుకక్కా అంటే, "ఇది లేకపోతే నిద్ర పట్టదు" అంది.