మెట్ల గది కప్పు మీద పన్ను

రాక్షసబల్లి పన్ను కొన్నానంటే మా ఆఫీసులో ఎవరూ నమ్మలేదు. నారాయణగూడలో బీమా ఆఫీసు గుమాస్తాకి ప్లాట్ల మీద యావ ఉండాలి గానీ, మొరాకో ఎడారిలో తవ్విన పళ్ళెందుకు? ఏమో, నాకూ తెలియదు. 2009లో ఇంటర్నెట్‌లో ఒకటి కొన్నాను, వేలెడంతది. పోస్టులో వచ్చింది. ఆ తర్వాత ఆగలేదు. ఎవరి పిచ్చి వారికానందం.

మొదట్లో వచ్చినవి నకిలీవి. పగిలిన ముక్కలకి ఇసుకా జిగురూ కలిపి ఒకే పన్నులా అతికిస్తారు వెధవలు. ఒళ్ళు మండింది. ఆ మంటతోనే నేర్చుకున్నాను. సూది కాల్చి ఆనిస్తే జిగురు వాసన బయటపడుతుంది. తర్వాత అడుగు చూడాలి. వేరు ఉంటే ఆ జంతువు చచ్చాక దవడలోంచి వచ్చిన పన్ను. వేరు కరిగి అడుగు గుంటపడి ఉంటే అది బతికుండగా ఊడిన పన్ను. వాటికి బతికినన్నాళ్ళూ పళ్ళు ఊడేవి, కొత్తవి వచ్చేవి. కొనేవాళ్ళంతా వేరున్నదే గొప్పంటారు. నాకు ఊడినదే ఇష్టం. అది రాలాక కూడా ఆ జంతువు ఎక్కడో ఇంకో పూట తిండి తినే ఉంటుంది.

అశోక్ నగర్‌లో కింద ఓనరు, పై వాటాలో కిరాయికి మేము. నేను, నా భార్య, మా అమ్మ, మా పాప. పళ్ళన్నీ దూది పరిచిన మిఠాయి డబ్బాలో ఉండేవి. "సచ్చినోటి పండ్లు ఇంట్ల పెట్టుకుంటడు, వీనికేం రోగమో" అని అమ్మ గొణిగేది. పాప మాత్రం ఒక్కొక్కటీ తిప్పి చూసి, "ఇది ఊడిందా, సచ్చిందా?" అని నన్ను పరీక్ష పెట్టేది.

ఆరేళ్ళప్పుడు పాపకి ముందరి పన్ను ఊడింది. అరచేతిలో పెట్టుకొని పరుగెత్తుకొచ్చింది.

"డాడీ, ఇది గూడ డబ్బల పెడ్తవా?"

అడుగు చూశాను. గుంటపడి ఉంది. "అసలుదే. పెడదాం" అన్నాను.

"ఏం పెడ్తవ్రా! పాలపన్ను ఇంట్ల ఉంచుకుంటరా ఎవరన్న?" అని అమ్మ లేచింది. "పెండల పెట్టి ఇంటి మీద పారేయాలె. లేకుంటే కొత్త పన్ను వంకర వస్తది."

పెద్దల మాట. చిక్కడపల్లి సందులో బర్రెల కొట్టం దాకా పోయి పెండ తెచ్చాను. అందులో పన్ను అదిమి, పాపని భుజాల మీద ఎక్కించుకొని మిద్దె మీదికి వెళ్ళాను. అక్కడ మెట్ల గది కప్పే అన్నిటికంటే ఎత్తు. పాప విసిరింది. ముద్ద పైన పడ్డ చప్పుడు వినిపించగానే చప్పట్లు కొట్టింది. రెండో పన్ను బడిలో ఎక్కడో పోగొట్టుకుంది.

మరుసటి ఏడు వానాకాలంలో డెంగీ వచ్చింది. పాప పోయింది. ఇంతకంటే రాయలేను. చిన్నపిల్ల కాబట్టి అంబర్‌పేట్‌లో మట్టిలోనే పెట్టాం. గుర్తుగా రాయి కూడా వద్దన్నారు పెద్దలు. ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కొని, ఎవరో ఇచ్చిన చాయ్ తాగాను. చక్కెర ఎక్కువైందనిపించింది. ఏడుపు రాలేదు.

తర్వాత కొన్నాళ్ళకి పోస్టులో పొట్లం వచ్చింది. ఆసుపత్రికి పోకముందు కొన్న పన్ను. అలవాటు కొద్దీ సూది కాల్చాను. అసలుదే. ఊడినదే. డబ్బాలో పెట్టి మూతేశాను. గులకరాయి పెట్టినా అంతే. మళ్ళీ కొనలేదు.

"నేనీ ఇంట్ల ఉండలేను, యాడికన్న పోదాం" అని నా భార్య రోజూ అనేది. వేసవికి కోఠి దగ్గర ఒక ఇల్లు చూశాం. ఆమె గిన్నెలన్నీ దుప్పట్లో మూటగట్టింది. నేను డబ్బాకి తాడు కడుతూ ఆగిపోయాను. దేశం కాని దేశపు పళ్ళన్నీ ఉన్నాయి, నా బిడ్డది ఒక్కటి లేదు. అది దొరక్కుండా ఈ గడప దాటలేననిపించింది.

నిచ్చెన వేసుకొని మెట్ల గది మీదికి ఎక్కాను. పెండ లేదు, చెత్త లేదు. ఈ చివరి నుంచి ఆ చివరికి నున్నటి కొత్త సిమెంటు.

"ఏంది తమ్మీ, పైన ఏం దేవులాడుతున్నవ్?" అని ఓనరు మిద్దె మీదికొచ్చాడు. చెప్పాను. పెద్దాయన మొహం వాడిపోయింది.

"అయ్యో బిడ్డా! పోయిన వానలకు కురుస్తుంటే, మీరు దవఖానల ఉన్నప్పుడు సిమెంట్ పోయించిన. చెత్త గూడ ఊడ్వకుండ దానిమీదనే పోసిండ్రని లొల్లి గూడ చేసిన. నువ్వు పరేషాన్ గాకు, రేపే మేస్త్రిని పిలిచి పలగ్గొట్టిస్త. కురిస్తే కురవనియ్."

"వద్దంకుల్" అన్నాను. రాయిలోంచి పన్ను తీయడమంటే ఏమిటో నాకు తెలుసు. సుత్తి పడితే మిగిలేది పొడి.

దిగొచ్చి నా భార్యకి చెప్పాను. ఆమె మిద్దె మీదికొచ్చింది. నేను నిచ్చెన పట్టుకుంటే ఎక్కింది. కాలుతున్న సిమెంటు మీద అరచేయి ఆనించి చాలాసేపు కూర్చుంది.

"దానికి వేరు ఉండెనా?" అని అడిగింది.

"లేదు. ఊడిందే."

అప్పుడు ఏడ్చింది. కింద నిలబడి నిచ్చెన పట్టుకునే ఉన్నాను.

కిందికి దిగి, వంటింట్లోకి వెళ్ళి మూట విప్పింది. కుక్కరు తీసి కడిగి, బియ్యం పోసింది.

"కోఠి ఆయనకు ఫోన్ చేయుండ్రి" అంది. "ఇల్లు వద్దని చెప్పుండ్రి."