జబ్బులేని వంటామె

ఆ క్రెష్‌లో పంతొమ్మిదేళ్లుగా వంట ఆమెదే. పిల్లలకే కాదు, వాళ్లను దింపడానికొచ్చే తల్లులకీ ఆమె పెద్దమ్మే. ఉడికిన దుంపల్ని గరిటెతో మెదిపితే ఉండలు మిగులుతాయని చేత్తోనే మెదిపేది. ఆ గుజ్జయితేనే పిల్లలు పేచీ పెట్టకుండా మింగేవారు.

ఆ వానాకాలం పదకొండు మంది పిల్లలకు విరేచనాలు పట్టుకున్నాయి. అందరూ బొద్దోడని ముద్దుచేసే రెండేళ్లవాడు తొమ్మిది రోజులు ఆసుపత్రిలో ఉండి, సగమై తిరిగొచ్చాడు. పనివాళ్లందరికీ మలపరీక్షలు చేస్తే, సాల్మొనెల్లా క్రిమి బయటపడింది పెద్దమ్మకే.

"నాకు కడుపునొప్పైనా రాలేదే" అంది.

డాక్టరమ్మ ఓపిగ్గా చెప్పింది. "పేగు లోపలి గోడ మీద జిగురుపొర ఉంటుంది పెద్దమ్మా. మీకది దిట్టంగా ఉన్నట్టుంది. క్రిములు గోడ దాకా పోలేక ఆ జిగురులోనే కాపురం పెట్టాయి. అందుకే మీకు జబ్బు రాలేదు. పసివాళ్లకు ఆ పొర ఇంకా పలచన. తేలిగ్గా దాటేస్తాయి."

"అంటే నన్ను కాపాడుతూ వాళ్లను ముంచిందన్నమాట."

డాక్టరమ్మ చీటీ మీద మందుల పేర్లు రాసిచ్చింది.

వరసగా మూడు పరీక్షల్లో క్రిమి కనిపించకపోతేనే మళ్లీ వంటగదిలోకి రానిస్తానన్నాడు మేనేజరు. రెండు గట్టెక్కాయి. మూడోదానికి డబ్బా తెచ్చుకున్న రోజు కూతురు గొంతు తగ్గించింది.

"నాది తీసుకెళ్లమ్మా. దానిమీద పేరు రాసుంటుందా ఏంటి?"

పెద్దమ్మకు నవ్వొచ్చింది. ఆ వెంటనే ఆశా పుట్టింది. పొయ్యి ముందు నిలబడని రోజు ఎలా గడుస్తుందో ఈ రెండు నెలల్లోనే ఆమెకు తెలిసొచ్చింది. కానీ బొద్దోడి మణికట్టు కళ్లలో మెదిలింది. సూది గుచ్చిన చోట ఇంకా నల్లగానే ఉంది.

"చాల్లే, నోర్ముయ్" అని డబ్బా లాక్కుని, తనదే ఇచ్చొచ్చింది.

క్రిమి కనిపించింది. కొన్నాళ్లు దాక్కుని మళ్లీ బయటపడటం దానికి మామూలేనట.

ఆ కాగితం పట్టుకుని క్రెష్‌కి వెళ్లేసరికి, వంటగదిలో ఎవరో కొత్తామె గిన్నెలు సర్దుతోంది.

"ఎప్పుడు చేరింది?"

"పది రోజులైంది" అన్నాడు మేనేజరు, కాగితం విప్పి చూడకుండానే. "పిల్లలు పస్తుండలేరుగా పెద్దమ్మా."

పది రోజుల కిందట ఆమె మూడో డబ్బా ఇంకా ఖాళీగానే ఉంది.

"ఈమెకు పరీక్ష చేయించారా?"

"ఎందుకండీ? చూడండి, ఎంత ఆరోగ్యంగా ఉందో."

"నాకు మాత్రం ఏమైందట?" అంది పెద్దమ్మ.

మేనేజరు ఫోనెత్తి ఎవరితోనో మాట్లాడసాగాడు.