మిరపసాళ్లలో పదో తరగతి

రిటైరవడానికి మూడేళ్ల ముందు, అద్దంకి దగ్గర ఒక హైస్కూల్లో హెడ్‌మిస్ట్రెస్‌గా ఉండగా, ఓపెన్ స్కూల్ కేంద్రం బాధ్యత కూడా నా నెత్తిన పడింది. చదువు మధ్యలో మానేసిన పెద్దవాళ్లతో పదో తరగతి పరీక్ష రాయించే ఏర్పాటది. తరగతులు శని, ఆదివారాల్లో. హాజరు సరిగ్గా లేనివాళ్ల పేర్లు పరీక్షకు పంపకూడదన్నది మాత్రం నేనే పెట్టుకున్న నియమం.

నాకు ముక్కు మీదే కోపం. మస్తాన్‌బీ వరసగా మూడు వారాలు రాకపోయేసరికి పేరు కొట్టేద్దామనుకున్నాను. ఆమె మిరపకోత కూలి, వయసు ముప్పై నాలుగు. వాళ్ల ఊళ్లో అంగన్‌వాడీ టీచరు పోస్టు ఖాళీ అవబోతోంది. దానికి టెన్త్ ఉండాలి, ముప్పై అయిదు దాటకూడదు. ఆ ఏడు తప్పితే ఆ ఉద్యోగం ఆమెకు ఇక లేనట్టే. అది తెలిసీ రాకపోవడమేమిటని నా మంట. మానుకుంటున్నట్టు సంతకం పెట్టించుకుందామని ఒక శనివారం నేనే చేలోకి వెళ్లాను.

కల్లంలో ఎండబోసిన కాయల పక్కగా నడిచానో లేదో, తుమ్ములు! మాటకో తుమ్ము. కోస్తున్న ఆడవాళ్లంతా ఒకటే నవ్వు.

"కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకోండి మేడమ్! మీరు హెడ్‌మాస్టరని కాయకేం తెలుసుద్దీ?" అంది కోత ముఠాకు పెద్ద వెంకాయమ్మ.

తుమ్ముల మధ్యే వచ్చిన పని చెప్పాను. వెంకాయమ్మ నవ్వు ఆగిపోయింది. "ఏమే మస్తాన్‌బీ, బడికి పోతన్నట్టు మాకు ఒక్కమాటన్నా చెప్పావా? మేం పరాయోళ్లమా?"

"కోతలు మొదలయ్యాక నా సాలు మీ నెత్తినేసి నేను బళ్లో ఎట్టా కూర్చునేది పిన్నీ?" అంది మస్తాన్‌బీ తలొంచుకుని.

ఆ ముఠాలో మనిషికొక సాలు, అంటే ఒక మొక్కల వరస, వంతు. అందులో ఒక పద్ధతి ఉంది. తన సాలు ముందుగా ముగించినావిడ గట్టున కూర్చోదు. వెనకబడినామె సాలును అవతలి కొసనుంచి కోసుకుంటూ ఎదురొస్తుంది. ఒంట్లో బాగోనివాళ్లకైనా, బాలింతకైనా అంతే. చదువుకు మాత్రం ఎందుకు కొయ్యమని వెంకాయమ్మ అక్కడికక్కడే తేల్చేసింది. శని, ఆదివారాల్లో మస్తాన్‌బీ సాలు వంతులవారీగా తామే కోస్తామంది. మస్తాన్‌బీ ససేమిరా అంది. ఊరికే చేయించుకోదట! బళ్లో విన్న పాఠం సోమవారం నుంచి కోతలో అందరికీ చెప్పనిస్తేనే వస్తానని షరతు పెట్టింది. నేను తెచ్చిన కాగితం మడిచి సంచిలో పెట్టుకున్నాను.

ఆ తర్వాత ఒక్క తరగతీ తప్పలేదు. పైగా ప్రశ్నలు! "వెంకాయమ్మ పిన్ని అడగమందండీ, భూమి తిరుగుతుంటే బావిలో నీళ్లు ఎందుకు ఒలకవంట?" ముప్పై ఏళ్ల సర్వీసులో నన్నెవరూ అడగని ప్రశ్న. ఇంటికెళ్లి పుస్తకం తిరగేయాల్సి వచ్చింది.

లెక్కల్లో గట్టున పడి, మిగతావాటిలో దర్జాగా మస్తాన్‌బీ పాసైంది. అంగన్‌వాడీ ఉద్యోగమూ వచ్చింది. ఎంత సంతోషించానో చెప్పలేను. మరుసటి ఏడు అడ్మిషన్లు మొదలైన రోజున నా గది ముందు ఆ ముఠావాళ్లు నలుగురు నిలబడ్డారు. అందరికన్నా ముందు యాభై దాటిన వెంకాయమ్మ.

"పాఠాలన్నీ నోటికొచ్చేశాయి మేడమ్. ఇంక రాయడమొక్కటే నేర్పండి," అంది.

రానివాళ్లకు శ్రద్ధ లేదనుకోవడం నా పొరపాటు. ఎవరికీ భారం కాకూడదన్న పట్టుదలే మస్తాన్‌బీని బడికి రాకుండా ఆపింది. చివరికి ముఠా మొత్తానికి చదువు చెప్పించిందీ ఆ పట్టుదలే. సర్వీసులో ఉన్నన్నాళ్లూ, ఎవరి పేరైనా కొట్టేసే ముందు వాళ్లు పనిచేసే చోటికి ఒకసారి వెళ్లొచ్చేదాన్ని. ఆ తర్వాత నేను కొట్టేసిన పేర్లు చాలా తక్కువ.