ఏదుపంది కొరికిన టేకు

ఇవాళ పొద్దున ఇబ్రహీంపట్నంలో మా పాత ఇంటి ముందు ఉన్నదల్లా: బాపు, నేను, నా టేపు, గోడలోంచి విప్పి నేలమీద పడుకోబెట్టిన టేకు దర్వాజ చట్రం. కొత్త ఇంటికి పనికొస్తుందేమో చూద్దామని ఒక మూల రంగు గీకాను. ఇన్నేళ్లకు కూడా కట్టెలోంచి పాత తోలుసంచి వాసన లేచింది. దాని వెంటే మా వానాధారపు చెలక గట్టు గుర్తొచ్చింది.

ఆ గట్టు మీద పన్నెండు టేకు చెట్లుండేవి. వానాకాలంలో లేతాకు నలిపితే అరచేయి ఎర్రబడేది. బతుకమ్మకు నాయనమ్మ చేసిన నువ్వుల సత్తును ఆ ఆకుల్లోనే పొట్లం కట్టుకుని, తంగేడు పూలు కోస్తూ తినేవాళ్లం. పల్లికాయ పీకే రోజుల్లో ఏదుపందులు రాల్చిపోయిన ముళ్లు ఏరి, పొడవు ప్రకారం పేర్చి కంపాస్ బాక్సులో దాచేవాణ్ని.

ఒక ఎండాకాలం తిండి దొరక్క అవి టేకు మీద పడ్డాయి. అన్నిటికన్నా లావుగా ఉన్న చెట్టును, ఇంటి దర్వాజకని బాపు దాచుకున్న దాన్నే, మొదలు దగ్గర జానెడు వెడల్పున బెరడు ఒలిచాయి. బాపు రెండు రోజులు సరిగా తినలేదు. తర్వాత పేడ, ఎర్రమట్టి కలిపి గాయానికి మెత్తి, గోనెసంచి చుట్టి, ఎండినప్పుడల్లా నీళ్లు చల్లాడు. నేను ఏటా బతుకమ్మనాడు మట్టి గీకి, స్కేలుతో కొలిచి, నోటుబుక్కులో రాసేవాణ్ని: ఎనిమిది అంగుళాలు, ఐదు, రెండు. నాలుగో ఏడు అంచులు కలిశాయి. బాపు ఊరంతా చెప్పుకున్నాడు.

చెట్టు కొట్టిననాడు వడ్రంగి రాములు మొద్దును బాడిస వెనకతో తట్టి, చెవి ఆనించి, బాపు వైపు తిరిగాడు.

"యాదయ్యా, నీ దర్వాజల ఏదుపంది నీకన్న ముందే గృహప్రవేశం జేసింది."

"గట్లంటవేంది? గాయం మూసుకున్నది గద. మావోడు కొలిసిండు."

"మీవోడు తోలు కొలిసిండు, కట్టెను గాదు."

కోసి చూపించాడు. పైన కొత్త కట్టె మూతలా కమ్ముకుంది. కింద పళ్ల గాట్లు అలాగే ఉన్నాయి. వాటి వెనక కట్టె నల్లబడి, వేళ్ల మధ్య పొడి అయింది; ఆ కుళ్లు గాయం దాటి చాలా పైకి పాకింది. చెట్టు గాయాన్ని కప్పుతుందే తప్ప పోయిన కట్టెను తిరిగి తేలేదని, తడిపేడ కప్పి మేమే లోపలి చెమ్మను ఆరనివ్వలేదని తర్వాత చదువుకుంటే తెలిసింది. మొద్దులో మేలైన కట్టె ఉండేది అడుగునే. ఏదుపంది పళ్లకు అందేదీ అదే. కుళ్లిన మేర కోసి తీసేస్తే మిగిలిన కట్టె దర్వాజ ఎత్తుకు చాల్లేదు.

"సా మిల్లుల కట్టె తెచ్చి అతికిస్త. పొడుగు సరిపోతది," అన్నాడు రాములు.

"వద్దు. ఒక్క దర్వాజకు ఒక్క చెట్టే. పొట్టిగనే చెయ్."

"నెత్తికి తాకుతది."

"తాకితె వంగుత."

ఆ గట్టు ఇప్పుడు ప్లాట్ల మధ్య సిమెంటు రోడ్డు. పన్నెండు చెట్లలో ఒక్కటీ లేదు. ఏదుపంది ముల్లు కనబడి ఏళ్లయింది.

"ఈసారన్న లోపల కొలువురా," అన్నాడు బాపు, నేలమీది దర్వాజను చూపిస్తూ.

ముందు తట్టి విన్నాను. కట్టె గట్టిగానే ఉంది. తర్వాత టేపు పరిచాను. దర్వాజ లోపలి ఎత్తు ఐదడుగుల ఎనిమిది అంగుళాలు. బాపు ఐదడుగుల తొమ్మిది.